ఎరుక తూటా

ఇందుమతి ఆ ఊరికి బయల్దేరింది తన తూటా తప్పు చేయలేదని రుజువు చేయడానికే. తప్పు మనిషిదే అయ్యుంటుందని హైదరాబాదు నుంచి రైల్లో వస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉంది.

పలమనేరు కొండల వెనక, అడవి అంచున ఉన్న చిన్న పల్లె అది. పేరు ఎర్రబండపల్లె. వేరుశనగ, రాగి, కాస్త మల్బరీ. అడవిపందులు మందగా దిగితే తెల్లారేసరికి చేనంతా కుళ్ళగించి పోతాయి. అందుకే అక్కడ కొందరు రైతులకు పంట కాపలా కోసం తుపాకి లైసెన్సులున్నాయి. వాళ్ళలో మునస్వామినాయుడు ఒకడు. అరవై దాటినవాడు. తండ్రి నుంచి వచ్చిన ఒంటిగొట్టం తుపాకి. దాంతో ఆయన ఒక్క ప్రాణమూ తీసి ఎరగడు. గాల్లోకి పేల్చి మందను బెదరగొట్టడం వరకే.

ఒకనాడు పొద్దు పొడిచే వేళకి ఆయన కూతురు మల్లీశ్వరి చేనిగట్టు మీద పళ్ళెం వాయిస్తూ పందుల్ని తోలుతుంటే, పిల్లలున్న తల్లిపంది ఒకటి ఎదురుతిరిగింది. మునస్వామి తూటాను గుప్పిట్లో పట్టుకుని, తుపాకిలో పెట్టి, గాల్లోకి ఎత్తి మీట నొక్కాడు. టక్కుమంది. అంతే. ఇంకోటి పెట్టాడు. అదీ టక్కుమని ఊరుకుంది. చివరికి తుపాకిని తిరగేసి దుడ్డుకర్రలా పట్టుకుని పంది మీదికి ఉరికాడు. అది పారిపోయేలోపు మల్లీశ్వరి తొడ చీల్చేసింది.

ఆ తూటా కనిపెట్టింది ఇందుమతి. ప్రభుత్వం దానికేదో పొడుగాటి పేరు పెట్టింది గానీ, జనం మాత్రం ఎరుక తూటా అన్నారు. అది తన మనిషిని ఎరుగుతుంది. ప్రతి మనిషి అరచేతి మీదా కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ కాపురముంటాయి. ఏ ఇద్దరి చేతుల మీదా ఆ జనాభా ఒక్కలా ఉండదు. తూటా అడుగున పూసిన పల్చటి పొర, గుప్పిట పట్టుకున్న చేతి చెమటను రుచి చూస్తుంది. లైసెన్సు కోసం ముందే ముద్ర తీసి నమోదు చేసిన చెయ్యే అయితే మేలుకుంటుంది. కాకపోతే నిద్రపోతుంది. నిద్రపోయే తూటాను ఎంత గట్టిగా కొట్టినా పేలదు. ఈ తూటాలు వచ్చాక పాతవన్నీ పోలీసులకు అప్పగించాలని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం చేశారు.

తుపాకులున్నవాళ్ళు మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నారు. ఏడాదికి ఇన్నేనని లెక్కగట్టి ఇచ్చేది చాలక, అవసరానికి పేలుతుందో లేదోనన్న బెంగ ఒకటా అన్నారు. ఇందుమతి ప్రతి సభలోనూ ఓపిగ్గా సమాధానం చెప్పింది. వేల పరీక్షల్లో ఒక్కసారి కూడా తూటా పొరబడలేదంది. నిజంగానే పొరబడలేదు.

మల్లీశ్వరి వసారాలో నులకమంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. కట్టు తొడ నుంచి మోకాలు దాకా ఉంది. ఇందుమతితో పాటు వచ్చిన ఎస్సై గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఇందులో మర్మం ఏమీ లేదు మేడం," అన్నాడు. "చేతిముద్ర తీసిన రోజు ఇతను తన పేరు మీద ఇంకెవడి చెయ్యో పెట్టించుంటాడు. వేటగాళ్ళకి తుపాకి అద్దెకిచ్చేవాళ్ళు ఈ పక్క ఉన్నారు. ఇన్నాళ్ళూ వాడే కాల్చుకుని ఉంటాడు. ఇప్పుడు తనకి అవసరమొచ్చేసరికి పేల్లేదు. మీ తూటా సరైందేనని మీరొక్క మాట రాసిస్తే కేసు కట్టేస్తాం."

మునస్వామి స్తంభానికి ఆనుకుని కూర్చుని తన కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"తల్లీ, ఈ చేత్తోనే మడక దున్నినా. ఈ చేత్తోనే బిడ్డను ఎత్తుకున్యా. ఇప్పుడిది నా చెయ్యి గాదంటాండారు. నాది గాకపోతే ఎవురిది తల్లీ?"

"నాయనా, నువ్వు ఊరుకో," అంది మల్లీశ్వరి. ఇందుమతి వైపు తిరిగి, "మేడం, పోయిన ఏడు పందులొస్తే మా నాయనే కాల్చినాడు. ఊరంతా సూసింది. కానీ వీళ్ళు ఊరోళ్ళ మాట నమ్మరంట. తూటా మాటే నమ్ముతారంట," అంది.

గేటు దగ్గర పోగైన వాళ్ళలోంచి చెంగల్రాయుడనే రైతు ముందుకొచ్చాడు. అతనికీ తుపాకి ఉంది. "నాటుతుపాకి పెట్టుకున్నోనికి లైసెన్సూ లేదు, మీ తూటా లేదు మేడం. వాడు హాయిగా కాల్చుకుంటాండాడు. గవర్మెంటు మాట విన్న పాపానికి మాకీ గతి. రేపు నా తుపాకీ ఇట్లనే మొండికేస్తే నా పెండ్లాం బిడ్డలకు దిక్కెవురు?"

ఈ ప్రశ్నకు ఇందుమతి దగ్గర ఎప్పుడూ ఒక జవాబుండేది. ఆమె తమ్ముడు కిరీటి ఇరవై రెండేళ్ళ వయసులో ఒక పెళ్ళి ఊరేగింపులో చనిపోయాడు. పెళ్ళిపెద్ద నడుముకున్న లైసెన్సు పిస్తోలును ఎవడో తాగినవాడు సరదాగా లాక్కుని పేల్చాడు. పరాయి చేతిలో ఆ తూటా నిద్రపోయి ఉంటే కిరీటి ఈపాటికి పిల్లల తండ్రి అయ్యుండేవాడు. సభల్లో ఆమె ఈ సంగతి చెప్పగానే అందరూ నోరు మూసుకునేవాళ్ళు. కానీ ఆ వేళ మల్లీశ్వరి కాలికున్న కట్టు చూసి ఆ సంగతి ఎత్తకుండా సంచి ముందుకు లాక్కుంది.

ఆమె సంచిలోంచి గాజుపళ్ళెం తీసింది. అడుగున చల్లటి పోషకపు జిగురు పరచి ఉంది. మునస్వామి భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకోబోతే వద్దని, ఉన్నపళంగా పళ్ళెంలో ఆనించమంది. ఆయన చెయ్యి ఎండిన మడిలా పగుళ్ళిచ్చి ఉంది. చెప్పినట్టే ఆనించి, ఇక తియ్యమనేదాకా కదపలేదు. అబద్ధమాడే మనిషి చెయ్యి కాదనిపించింది ఆమెకి. కానీ అనిపించడం విజ్ఞానం కాదు. మూత పెట్టి బయల్దేరింది.

ప్రయోగశాల వెచ్చటి పెట్టెలో ఆ పళ్ళెం మీద మునస్వామి చెయ్యి మొలిచింది. ఆ మాట నిజమే. సూక్ష్మజీవులు పెరిగి గుంపులు కట్టి, తెలుపూ గోధుమరంగూ గులాబీ చుక్కలతో ఐదువేళ్ళ అరచెయ్యి ఒకటి జిగురు మీద పూసినట్టు లేచింది. నమోదు రోజున తీసిన పాత చెయ్యి నేలమాళిగ శీతల గదిలో భద్రంగా ఉంది. దాన్నీ తెప్పించి పక్కన పెట్టింది.

రెండూ ఒకటి కావు. తూటా పొరబడలేదు.

ఆమెకు ఊరట కలగాల్సింది. కలగలేదు. రెండు చేతులూ పూర్తిగా వేరూ కావు మరి. ఇంకెవరి చెయ్యో అయితే ఏ కాస్తో తప్ప కలవకూడదు. ఇక్కడ చాలా భాగం అచ్చుగుద్దినట్టు కలుస్తోంది. పాత చేతిలో మాత్రం ఇంకొక జనాభా ఉంది. లేత పసుపు చుక్కలు, వేళ్ళ మొదళ్ళ దగ్గరా అరచేతి మధ్యా. కొత్త చేతిలో ఆ చోట్లన్నీ ఖాళీ. అదే మనిషి. కానీ అతని చేతి మీద నుంచి ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆమె భర్త దయాకర్ వంటింట్లో చేపల పులుసు మరిగిస్తున్నాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. కూతురు హాస్టల్లో ఉంటోంది. ఎరుక తూటా మొదలైన దగ్గర్నుంచీ ఇంట్లో వంట అతనిదే. ఆమె రాకపోకలకు వేళాపాళా లేక, చాలా రోజులు ప్రయోగశాల బల్ల మీదే తల వాల్చేది. ఇద్దరి మధ్యా గొడవలేం లేవు. మాటలే తగ్గిపోయాయి.

"నేరం ఎవరిదట?" అడిగాడు దయాకర్.

"తెలీడం లేదు," అంది ఆమె. ఆ మాట ఆమె నోట విని చాలాకాలమైంది కాబట్టి అతను గరిటె పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆమె అంతా చెప్పింది. అతను విని, "ఆ పెద్దాయన జీవితంలో ఈ మధ్య ఏం మారిందో అడిగావా?" అన్నాడు.

ఆమె వెంటనే మల్లీశ్వరికి ఫోన్ చేసింది.

"కొత్త మందులేమైనా వాడుతున్నారా? సబ్బు మార్చారా? తిండి?"

"ఏమీ మార్లేదు మేడం. అదే సంగటి, అదే ఊరిబిండి. సేద్యం కూడా అదే," అంది మల్లీశ్వరి. "మాయమ్మ పోయినంక వంట నేను చేస్తాండా. అంతే."

"మీ అమ్మగారు ఎప్పుడు పోయారు?"

"మొన్న వానకారు ముందర. గుండెపోటు. మా నాయన చేతిముద్ర తీసినప్పుడు మాయమ్మే ఎంబడి పోయింది మేడం. బస్సులో ఆయనకు వాంతులొస్తాయని."

పాత చేతిలోని పసుపు చుక్కలు ఇందుమతి కళ్ళముందు మెదిలాయి. ఆమె అడిగింది, "ఆమె వాడిన వస్తువేదైనా ఉందామ్మా? రోజూ ముట్టుకునేది."

"కోకలన్నీ ఇచ్చేసినాం మేడం. వక్కాకు సంచి మాత్రం మా నాయన ఇయ్యనన్యాడు. దిండు కింద పెట్టుకున్యాడు."

ఆ సంచి బస్సు పార్సిల్లో వచ్చింది. నలుచదరపు గుడ్డసంచి, మూతి దగ్గర నూలుతాడు. కుప్పమ్మ అని పేరు చెప్పింది మల్లీశ్వరి. ఇందుమతి దాన్ని రెండు చేతులా తీసుకుని, లోపలి కుట్ల దగ్గర మెత్తటి పుల్లతో మెల్లగా తుడిచి, జిగురు మీద రాసింది. అవన్నీ బతికి ఉంటాయన్న ఆశ ఆమెకు లేదు. కానీ కొన్ని బతికే ఉన్నాయి. లేత పసుపు చుక్కలు మొలిచాయి.

కలిసి తిని, ఒకే కప్పు కింద పడుకుని, ఒకరి పనిముట్లు ఒకరు ముట్టుకునే మనుషులు చేతుల మీది కాపురాలను కూడా పంచుకుంటారు. ఆ సంగతి శాస్త్రానికి తెలియంది కాదు. కానీ తూటాను మోసం చేసేంతగా పంచుకుంటారని ఆమె ఊహించలేదు. పరీక్షలన్నీ ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య చేసింది. ఆ రోజు మునస్వామి పళ్ళెంలో పెట్టిన చేతిలో కుప్పమ్మ చెయ్యి కూడా ఉంది. ఆమె పోయాక కొన్ని నెలలకు అది కొంచెం కొంచెంగా రాలిపోయింది. తూటా వెతికింది ఇద్దరి కోసం. దొరికింది ఒక్కడు.

ఇది నిజమైతే దీనికి రెండోవైపు కూడా నిజం కావాలి. ఒకరి చేతిముద్రకు తయారుచేసిన తూటా అదే ఇంట్లో ఇంకొకరి చేతిలో మేలుకోవాలి.

మరుసటి ఆదివారం ఆమె దయాకర్‌ను ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళలో అతను అక్కడికి రావడం అదే మొదటిసారి. నేలమాళిగలో మందపాటి గోడల గది. బల్లకు బిగించిన ఇనుపగొట్టం, ఎదురుగా ఇసుకపెట్టె. ఆమె తన చేతిముద్రకు తయారుచేసిన తూటా ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"గుప్పిట మూయండి."

"ఇది పేలితే మంచిదా, పేలకపోతే మంచిదా?" అడిగాడు.

పేలితే ఆమె తూటా కథ ముగిసినట్టే. భార్య చేతిలో భర్త తూటా, భర్త చేతిలో భార్య తూటా పేలిపోయే తాళం ఏం తాళం? కాబట్టి పేలకూడదు. కానీ పేలకపోతే? ఆమె ఇంటికి నిద్రకు మాత్రమే వెళ్ళిన ఏళ్ళు, అతను ఒక్కడే తిన్న భోజనాలు, ఇద్దరూ చెరో వైపు తిరిగి పడుకున్న రాత్రులు, అన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. తమ చేతుల మీద ఇంకా ఒకరిదొకరికి ఏమైనా మిగిలుందా అన్నది ఆమెకు నిజంగానే తెలియదు. ఆమెకు భయమేసింది.

తూటాను గొట్టంలో పెట్టి, చెవులకు డిప్పలు తగిలించి మీట లాగింది.

గది దద్దరిల్లింది.

ఇసుకపెట్టె లోంచి దుమ్ము లేచింది. ఇందుమతి బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచేసింది. దయాకర్ దగ్గరికొచ్చి చూస్తే ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"పోయింది, అంతా పోయింది. ఇన్నేళ్ళ పని," అంది.

"మరి నవ్వుతావేం?"

"మీ చేతిని నాది అనుకుంది."

దయాకర్ తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "తూటా అనుకుంటే అనుకుందిలే. నువ్వేమనుకున్నావ్?"

ఆమె ఆ చేతిని తీసుకుని తన మొహానికి అద్దుకుంది.

మర్నాడు ప్రయోగశాల డైరెక్టర్ రంగనాథంగారి ముందు పళ్ళేలన్నీ పరిచింది. ఆయన మంచివాడే. ఆమె పనికి మొదట్నుంచీ అండగా నిలబడ్డవాడు. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకో మూడు రాష్ట్రాలు తీసుకుంటామంటున్నాయి ఇందుమతీ. ఇప్పుడీ మాట బయటపెడితే అసలు చట్టమే పోతుంది. మళ్ళీ పాత తూటాలు, మళ్ళీ పెళ్ళిళ్ళలో కాల్పులు. ఆ ముసలాయనకు చేతికేదో చర్మరోగమని రాసి, కొత్తగా ముద్ర తీయించు. ఆయన కేసూ పోతుంది. మన పనీ నిలబడుతుంది. తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఆమెకు సులువుగా ఏదీ దొరకలేదు. కిరీటి ఫొటో ఆమె బల్ల సొరుగులోనే ఉంది.

"భార్య పోయిన ప్రతివాడికీ చర్మరోగమని రాద్దామా సార్?" అంది చివరికి.

ఎరుక తూటా మీద ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం సమావేశంలో ఆమె దాచకుండా చెప్పింది. ఎదురుగా తుపాకి యజమానుల తరఫున రైతులు, బ్యాంకు కాపలాదార్లు, పోటీల్లో కాల్చే ఆటగాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె ముగించగానే గోల లేస్తుందని అందరూ అనుకున్నారు. లేవలేదు. వెనక వరసలోంచి ఖాకీ చొక్కా మనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. పేరు జోసఫ్. సైన్యంలో చేసి వచ్చి, వరంగల్ దగ్గర ఒక బ్యాంకులో తుపాకి పట్టుకుని కాపలా కాస్తున్నాడు.

"మేడం, నా తూటా గూడ పండుకున్నది," అన్నాడు. "మా మేరీ పోయిన ఏడు పోయింది. పరీక్ష కాల్పులల్ల ఒక్కటి పేలలే. చెప్తే నౌకరి పోతదని చెప్పలే. గప్పటి సంది పేలని తుపాకి పట్టుకొని బ్యాంకు ముంగట నిలబడుతున్న. రోజూ లోపటికి పోయే పిల్లల్ని, ముసలోళ్ళని జూస్తా. దొంగలు రావద్దు దేవుడా అని మొక్కుకుంట నిలబడుత. నేనే చేతగానోన్నైన అనుకున్న మేడం. ఆమె పోయిందని తూటాకు ఎర్కైందని నాకేం ఎర్క."

సంఘంలో ఉన్న ఒక న్యాయవాది, పెద్దావిడ, ఇందుమతిని అడిగింది. "అంటే ఈ తూటా మనిషిని కాదు, ఇంటిని గుర్తుపడుతుందన్నమాట. బయటివాడి చేతిలో నిద్రపోతుంది, ఇంట్లోవాళ్ళ చేతిలో మేలుకుంటుంది. మరి ఇంట్లోవాళ్ళే ఒకరినొకరు కాల్చుకుంటే?"

"దాన్ని ఆపే తూటా నా దగ్గర లేదండీ," అంది ఇందుమతి.

చట్టాన్ని ఆపేశారు. పాత తూటాలు తిరిగొచ్చాయి. మునస్వామి మీద అనుమానం తీసేసి తుపాకి ఇచ్చేశారు. పత్రికలు ఇందుమతిని రెండు వారాలు ఆడిపోసుకున్నాయి. ఆ తర్వాత పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ఎక్కడో ఒక ఊరేగింపులో ఎవరి నడుముదో పిస్తోలు ఇంకెవరో లాగి పేలిస్తే, బ్యాండులో బాకా ఊదే కుర్రాడి భుజం తునిగిపోయింది. ఇందుమతి ఆసుపత్రికి వెళ్ళి ఆ కుర్రాడి తల్లి పక్కన కూర్చుని వచ్చింది. తానెవరో చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇంకెవరు పిలిచినా సభలకు పోకుండా పనిలో కూర్చుంది. కానీ పొద్దు వాలే వేళకు ఇంటికెళ్ళేది.

బాకా కుర్రాడి సంగతి తర్వాత ప్రభుత్వమే మళ్ళీ కబురు పెట్టింది. ఈసారి చట్టం వేరుగా రాశారు. ఎరుక తూటా ఇంటి తూటా అని బాహాటంగా ఒప్పుకున్నారు. ఇంట్లో ఎవరు పోయినా, వేరుపడినా, ఎవరు కొత్తగా వచ్చినా, అడిగిన వెంటనే ఉచితంగా చేతిముద్ర మళ్ళీ తీయాలి. ఆ తీసేదాకా పాతరకం తూటాలు వాడుకోనివ్వాలి. జోసఫ్ లాంటివాళ్ళను ఎవరూ ఉద్యోగంలోంచి తీయకూడదు. న్యాయవాది పెద్దావిడ ప్రశ్నకు మాత్రం చట్టంలో జవాబు లేదు.

ముద్ర కోసం పలమనేరు దగ్గరికే బండి వస్తుందని చెప్పినా మునస్వామి వినలేదు. కూతుర్ని వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు. మల్లీశ్వరి కొంచెం కుంటుతోంది. "బస్సులో దావంతా వాంతులే మేడం," అని తండ్రి మీద చాడీ చెప్పింది.

"మీరు ఇంతదూరం రావక్కర్లేదు కదండీ," అంది ఇందుమతి.

"రావాల్సొచ్చింది తల్లీ," అన్నాడాయన. "కొత్త చెయ్యి తీసినంక పాతది కాల్చేస్తారంట గదా. నిజమేనా?"

"ఆవిరి యంత్రంలో పెడతాం. నిబంధన. ఒక మనిషికి ఒక్క చెయ్యే ఉండాలి."

"ఒకపారి సూడనిస్తావా?"

ఆమె శీతల గది లోంచి పాత పళ్ళెం తెప్పించి, బల్ల మీద దీపం కింద పెట్టింది. మూత తీయకుండానే, అరచేతి మధ్యలోనూ వేళ్ళ మొదళ్ళ దగ్గరా ఉన్న లేత పసుపు చుక్కల్ని వేలితో చూపించింది. మునస్వామి వంగి చాలాసేపు చూశాడు. మల్లీశ్వరి తండ్రి భుజం మీదుగా తొంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇవి బతికుండాయా?"

"బతికే ఉన్నాయి."

"తిండేం పెడ్తారు తల్లీ?"

"చక్కెర, ఉప్పు, ఇంకొన్ని కలిపిన నీళ్ళు."

"అయ్యో," అన్నాడు మునస్వామి నిజంగా బాధపడుతూ. "దానికి తీపి పడదు. టీ నీళ్ళు గూడ సప్పగా తాగేది." అంటూనే తన మాటకు తనే నవ్వేశాడు. మల్లీశ్వరి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

తర్వాత ఆయన అడిగాడు, "ఇవి మళ్ళా నా చేతిమీదికి వస్తే నిలుస్తాయా?"

ఇందుమతి అబద్ధం చెప్పదలచుకోలేదు. "కొన్నాళ్ళుంటాయి. తర్వాత పోతాయి. ఆమె దగ్గర్నుంచి రోజూ కొత్తవి వస్తుంటేనే అవి నిలిచేది."

మునస్వామి తలాడించాడు. మల్లీశ్వరిని కూడా అడగలేదు. "అట్లయితే ముందర కొత్తది తీసుకో తల్లీ. తుపాకికి ఈ చెయ్యి సాలు. ఉండేదే పెడ్తా."

ఆమె కొత్త పళ్ళెం తెచ్చింది. ఆయన ఒంటరి చేతిని దాని మీద ఆనించాడు. ఆమె దాన్ని మూసి పక్కన పెట్టి, పాత పళ్ళెం వైపు చూసింది. అవి ఏ హానీ చేయని జీవులని ఆమెకు తెలుసు. ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి ఆయన చేతి మీదే ఉన్నవి. నిబంధన ఏం చెబుతుందో కూడా తెలుసు. ఆమె పళ్ళెం మూత తీసి, ఆయన ముందుకు జరిపింది. "నేను అయిదు నిమిషాల్లో వస్తాను," అని గది బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

తిరిగొచ్చేసరికి మునస్వామి కుడిచేతిని గుండె మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జిగురు మీది పాత అరచెయ్యి చెరిగి ఉంది. ఆమె పళ్ళేన్ని ఆవిరి యంత్రంలో పెట్టింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ మల్లీశ్వరి ఫోన్ చేసింది. దయాకర్ పక్కనే కూర్చుని అన్నం వడ్డిస్తున్నాడు.

"మేడం, మా నాయనతో యేగలేకుండా ఉండా. వచ్చినకాణ్ణుంచీ కుడిచెయ్యి కడగనంటాడు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటాడు. సంగటి స్పూనుకు వస్తాదా? అంతా కింద పోసుకుంటాండాడు. మీరన్నా చెప్పండి."

"ఆయనకి ఇవ్వమ్మా."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఆ వైపు మునస్వామి ఊపిరి వినబడింది.

"నాయుడుగారూ, కడక్కపోయినా అవి పోయేవి పోతాయి," అంది ఇందుమతి. "కడిగినా అన్నీ ఒక్కసారిగా పోవు. ఎండబెట్టి దాచుకుంటే మాత్రం తొందరగా చచ్చిపోతాయి. చేతికి పని చెప్పాలి, చెమట పట్టాలి. అప్పుడే కాస్త ఎక్కువకాలం ఉంటాయి."

"నిజంగానా తల్లీ?"

"నిజంగానే. సంగటి చల్లారిపోతోంది. తినండి."

ఫోన్ మళ్ళీ మల్లీశ్వరికి వచ్చింది. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న శబ్దం, గిన్నె జరిగిన శబ్దం వినబడ్డాయి.

"మల్లీశ్వరీ?"

"కలుపుతాండాడు మేడం," అంది ఆమె గొంతు తగ్గించి. "చేత్తోనే కలుపుతాండాడు."